పాఠంలో వాక్యం, ఊళ్లో శాసనం

కాకతీయుల పాఠం చదివిన పిల్లలకు మోటుపల్లి పేరు తెలుసు. గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడని పరీక్షలో రాస్తారు, మార్కు తెచ్చుకుంటారు. ఆ శాసనం బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని అదే ఊళ్లో, వీరభద్రాలయంలో రాతి స్తంభం మీద ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. అందులో ఏం రాసి ఉందో చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

అది 1244-45 నాటి మాట. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలతో సహా, పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రం మీద ఇంత సాహసానికి దిగే వర్తకుల మీద దయతోనూ, కీర్తి కోసమూ, పుణ్యం కోసమూ తాము నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా వాళ్లకే వదిలేస్తున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. ఆ తరువాత గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు వంటి సరుకుల మీద దేనికెంతో లెక్క ఉంది.

ఈ నాలుగు మాటలు తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తే వాళ్లే ప్రశ్నలు వేస్తారు. పూర్వపు రాజులంటే ఎవరు? తన ముందువాళ్లు దోచుకునేవారని ఒక రాజు చెబితే అదంతా నమ్మాలా? 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ హామీ ఇస్తూ శాసనం వేయించాడు. అందులో తమిళం కూడా ఉంది. ఒకసారి ఇచ్చిన అభయం నూరేళ్లకు మళ్లీ ఎందుకు ఇవ్వాల్సి వచ్చింది? తమిళం ఎవరి కోసం రాయించారు? చరిత్ర చదవడమంటే ఈ ప్రశ్నలు వేయడం నేర్చుకోవడమే. సంవత్సరాల పట్టిక ఆ తరువాత సంగతి.

ఇంత మంచి పాఠానికి కావలసిన సరుకంతా మన దగ్గరే ఉంది, కాకపోతే చెల్లాచెదురుగా ఉంది. రాయి మోటుపల్లిలో ఉంది. దాని పాఠమూ ఇంగ్లీషు అనువాదమూ ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో ఉన్నాయి. ఆ సంపుటం స్కాన్ చేసిన ప్రతి ఇంటర్నెట్లో దొరుకుతుంది. చినగంజాం హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే మాస్టారి చేతికి మాత్రం తెలుగులో ఒక్క కాగితమైనా రాలేదు. మన మ్యూజియాలనూ ఆర్కైవ్స్‌నూ ఇంటర్నెట్ నిధులనూ బడి పాఠం వైపు నుంచి చూస్తే ఎక్కడ చూసినా ఇదే పరిస్థితి. వస్తువుకూ తరగతి గదికీ మధ్య ఉండాల్సిన ఆఖరి మెట్టు లేదు.

ముందు మ్యూజియాల సంగతి. విజ్ఞానయాత్ర అనగానే బడి బస్సులు సాలార్‌జంగ్ మ్యూజియం వైపు తిరుగుతాయి. 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడిలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారిన ఈ మ్యూజియానికి పిల్లలు సంగీత గడియారం కోసం, మేలిముసుగు రెబెకా కోసం వెళతారు. వాటిని చూసి ఆశ్చర్యపోవడం మంచిదే. కానీ మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ అభిరుచి కొద్దీ, ఆ కుటుంబం సంపద కొద్దీ పోగైన సేకరణ అది. తెలుగు నేల చరిత్ర కోసం అక్కడికి వెళితే దొరికేది కొంతే. నిజాం కాలపు జాగీర్దారు ఇటలీ నుంచి, ఇంగ్లండు నుంచి ఏమేం తెప్పించుకున్నాడు, అంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఆ శిస్తు కట్టిన ఊళ్లేవి అని అడిగించగల ఉపాధ్యాయుడు వెంట ఉంటే మాత్రం ఆ గదులే జాగీర్దారీ వ్యవస్థ మీద గొప్ప పాఠమవుతాయి.

పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలంగాణ రాష్ట్ర మ్యూజియం 1930లో మొదలైంది. పిల్లలు నేరుగా ఈజిప్టు మమ్మీ దగ్గరికి పరుగెడతారు. అదే ఆవరణలో ఉన్న నాణేలు, కాకతీయ శిల్పాలు వాళ్ల పాఠంలోవే, వాటి ముందు మాత్రం ఎవరూ ఆగరు. ఆగేలా చేసే రాత అక్కడ లేదు మరి. మన మ్యూజియాల్లో వస్తువు కింద పలక సాధారణంగా మూడు ముక్కలు చెబుతుంది: పేరు, ఏ రాయో, ఏ శతాబ్దమో. ఎక్కడ దొరికింది, ఎవరి పొలంలో, ఏ గుడి కూలితే బయటపడింది, ముక్కు ఎందుకు విరిగింది వంటివి ఉండవు. పిల్లవాడికి కావలసింది సరిగ్గా అవే.

దొరికిన చోటనే కట్టిన మ్యూజియాలు నా లెక్కలో వీటికన్నా మంచి బడులు. కొండాపూర్, అలంపురం, కొలనుపాక, మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి, ఇలా చాలా ఉన్నాయి. అన్నిటిలోకీ నాగార్జునకొండ వేరు. సాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మునిగిపోతుందని తెలిసి, అంతకు ముందే 1954లో రాయప్రోలు సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వకాలు మొదలయ్యాయి. 1960 వరకూ సాగాయి. కొన్ని కట్టడాలను కొండ మీదికి, కొన్నింటిని అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. ఇప్పుడు అది దీవి, లాంచీ ఎక్కి వెళ్లాలి. సాగర్ నీటితో పండిన అన్నం తినే పిల్లవాడు ఆ లాంచీలో కూర్చున్నప్పుడు కింద నీళ్లలో ఒక రాజధాని ఉందని తెలుసుకోవాలి. నీళ్ల కోసం ఏం వదులుకున్నామో, వదులుకుంటూ ఎంత కాపాడుకున్నామో ఒక్కచోట కనిపించే స్థలం అది. అక్కడి ప్రాకృత శాసనాల్లో ఇక్ష్వాకు రాజుల పేర్ల కన్నా దానాలిచ్చిన ఆడవాళ్ల పేర్లు పిల్లల్ని ఎక్కువగా ఆకట్టుకుంటాయి. రాజు సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. బోధిసిరి అనే ఉపాసిక చైత్యగృహం కట్టించింది. రాజులు వైదిక యాగాలు చేస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్లు బౌద్ధ సంఘానికి దానాలిచ్చారన్న సంగతి ఒక్కటి చాలు, గంటసేపు మాట్లాడుకోవడానికి.

విశాఖ బీచిలోని కురుసుర జలాంతర్గామి గురించి కూడా ఒక మాట. అది 2001లో నౌకాదళం నుంచి విరమించి, 2002లో మ్యూజియం అయింది. లోపల నడుస్తూ, తల వంచుతూ, నావికులు పడుకున్న ఇరుకు మంచాలు చూస్తూ పోవడం వల్ల పిల్లలకు అది బాగా గుర్తుంటుంది. మ్యూజియం నడిపేవాళ్లు గమనించదగ్గ సంగతి ఇది. ఇక వెళ్లే ముందు సెలవు రోజు కనుక్కోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, పురావస్తు శాఖ స్థల మ్యూజియాలకూ శుక్రవారం సెలవు.

అమరావతి గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మ్యూజియం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మన నేల మీద లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టుకుంటుంటే దీపాలదిన్నె అనే స్తూపం దిబ్బను ఇటుకల కోసం, రాళ్ల కోసం తవ్వారు. ఆ వార్త విని కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చాడు. 1816లో మళ్లీ మనుషులతో వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తరువాత కొన్ని ఫలకాలు మచిలీపట్నం బజారు అలంకరణకు వెళ్లాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. అక్కడి నుంచి చాలావరకు లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడు వందకు పైగా అమరావతి శిల్పాలున్నాయి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో మరో పెద్ద భాగం ఉంది. అమరావతిలో మిగిలింది నేలమట్టమైన స్తూప పీఠం, చిన్న మ్యూజియం.

లండన్‌లో ఉన్న ఒక్క ఫలకం గురించి చెబుతాను. దానికి రెండు వైపులా శిల్పం ఉంది. పాత వైపున బోధివృక్షం, ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న మనుషులు. బుద్ధుడి రూపం లేదు. కొన్ని శతాబ్దాల తరువాత అదే రాయిని తిప్పి, రెండో వైపున స్తూపాన్నే చెక్కారు. ఈ వైపున బుద్ధుడు మనిషి రూపంలో నిలబడి ఉన్నాడు. ఒక మతం తన దేవుణ్ణి చూసే తీరు మారిందని పుస్తకం రెండు పేరాల్లో చెప్పేది ఈ రాయి రెండు ముఖాల్లో చూపిస్తుంది. కూలిన స్తూపం మొదట ఎలా ఉండేదో మనకు తెలియడానికి కూడా ఇలాంటి ఫలకాలే ఆధారం. బ్రిటిష్ మ్యూజియం తన సేకరణను ఫొటోలతో ఇంటర్నెట్లో పెట్టింది కాబట్టి రెండు వైపులనూ గుంటూరు జిల్లా పిల్లలు బళ్లోనే చూడవచ్చు. ఆ శిల్పాలు మనకు తిరిగి రావాలని అడిగే హక్కు మనకుంది, అడగాలి కూడా. వచ్చేదాకా ఆ ఫొటోలు పిల్లలకు చూపించడానికి అడ్డేమీ లేదు.

ఆర్కైవ్స్ విషయానికొస్తే చాలామంది ఉపాధ్యాయులకు అది పరిశోధకుల చోటు, తమది కాదు. తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు మొఘల్ పత్రాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. ఫార్సీ, అందులోనూ షికస్తా అనే గొలుసుకట్టు రాత కావడంతో చదవగలిగినవాళ్లు కొద్దిమందే. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనే రకం ఉంది. మొఘల్ కొలువులోని సిపాయిల హాజరు చీటీలవి. సిపాయి పేరు, తండ్రి పేరు, కులం, రంగు, ముఖం మీద మచ్చలు, గాయాల గుర్తులు, అతని గుర్రం రంగు, దాని మీద వేసిన ముద్ర అన్నీ రాస్తారు. మన్సబ్‌దారు తన దగ్గర లేని గుర్రాన్ని ఉన్నట్టు చూపి జీతం దండుకోకుండా ఏర్పాటు అది. ఔరంగజేబు దక్కను దండయాత్ర గురించి తేదీలు బట్టీ పట్టే పిల్లవాడికి చెంప మీద గాటున్న ఒక మామూలు సిపాయి చీటీని తెలుగులో చదివి వినిపిస్తే ఆ యుద్ధం మనుషులతో నిండుతుంది.

అలాంటి రాతే మరో చోటా ఉంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల వివరాలు ఓడల జాబితాల్లో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా, ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా రాశారు. డర్బన్‌లోని క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలో గాంధీ-లుథులీ డాక్యుమెంటేషన్ సెంటర్ ఆ జాబితాలను అందుబాటులోకి తెచ్చింది. పేదవాడి పేరు దొరల కాగితాల్లోకి ఎక్కినప్పుడల్లా అతని ఒంటి గుర్తులతోనే ఎందుకు ఎక్కింది? ఈ రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టి పదో తరగతిలో ఈ ప్రశ్న అడగాలని నా కోరిక.

కోస్తా, రాయలసీమల పాత జిల్లా రికార్డులు చెన్నై ఆర్కైవ్స్‌లో ఉండిపోయాయి. 1953 వరకూ మనం మద్రాసులో భాగమే కాబట్టి అది సహజమే. అయితే అక్కడికి వెళ్లలేనివాళ్లకు ఊరి దగ్గరే దొరికేవి తక్కువేమీ కావు. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల కవిలెల నుంచి, పెద్దల నోటి నుంచి రాయించిన కైఫియత్తులు తెలుగులోనే ఉన్నాయి. గుళ్లు, ఇనాములు, చెరువులు, పాలెగాళ్లు, కరువులు అన్నీ అందులో దొర్లుతాయి. రాష్ట్ర ఆర్కైవ్స్ కొన్ని జిల్లాల గ్రామ కైఫియత్తులు అచ్చు వేసింది. కడప కైఫియత్తులను అక్కడి బ్రౌన్ పరిశోధన కేంద్రం సంపుటాలుగా తెచ్చింది. కైఫియత్తులో నిజమెంత, ఊరి గొప్ప ఎంత అని విడదీయడం కూడా పాఠమే. పిల్లవాడు తన ఊరి గురించి రెండు వందల ఏళ్ల కిందటి మాట చదివితే దాన్ని వదిలిపెట్టడు.

తెలంగాణలో ఈ పని 1922లో లక్ష్మణరాయ పరిశోధక మండలితో మొదలైంది. మండలి ప్రచురించిన ‘తెలంగాణ శాసనములు’ మొదటి సంపుటం 1935 నాటిది. అదే దారిలో తరువాతివాళ్లు వెలుగులోకి తెచ్చినవాటిలో ఒకటి నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు గుడికి భూమి ఇచ్చాడని 1289 నవంబరు నాటి ఆ రాయి చెబుతుంది. తిరగబడిన సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో ఆమె చనిపోయిందని అది చెప్పదు. సేనానితో కలిపి చెప్పడాన్ని, ఆనాటి రాజకీయాలను బట్టి చరిత్రకారులు అలా ఊహించారు. ఆ ఊహకు బలం ఉంది. అయినా రాయి చెప్పింది ఏదో, మనం కలుపుకున్నది ఏదో విడిగా తెలిసినప్పుడే వాట్సాప్‌లో వచ్చే చరిత్రను పిల్లవాడు నిలదీయగలుగుతాడు.

గ్రంథాలయాల్లో వేటపాలెం సారస్వత నికేతనం తలమానికం. 1918లో మొదలైంది. గాంధీజీ 1929లో వచ్చాడు, ఆయన చేతికర్ర అక్కడ ఉంది. పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. మోటుపల్లికీ వేటపాలేనికీ మధ్య దూరం ఎంతో లేదు, చీరాల చుట్టుపక్కల బడులు రెండూ ఒక్కరోజులో చూసి రావచ్చు. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉన్న ఉర్దూ సేకరణ 2000 ఆగస్టు వరదలో తడిసింది. ఎంతో శ్రమపడి కాపాడారు. ఒక్క రాత్రి వానకు పోగల ఆస్తిని స్కాన్ చేయకుండా ఉంచడం తప్పని ఆ వరద అందరికీ చెప్పింది.

ఇంటర్నెట్లో ఇప్పుడు కొరత వస్తువుది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్‌రెడ్డి చొరవతో సాగిన పదిలక్షల పుస్తకాల పథకం, దానికి అనుబంధంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేశాయి. ఇప్పుడవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. పుస్తకాల పేర్లను తప్పుల తడక రోమన్ లిపిలో ఎక్కించడంతో తెలుగులో వెతికితే దొరకవు. తెలుగు వికీపీడియా, వికీసోర్స్ కార్యకర్తలు జీతం లేకుండా ఆ జాబితాలు సరిచేస్తూ వచ్చారు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్, కేంద్ర సాంస్కృతిక శాఖ వారి ఇండియన్ కల్చర్, మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా ఉచితమే, ఉపయోగమే, కానీ ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. 1961 జనగణన వేళ ఎంపిక చేసిన ఊళ్ల మీద రాసిన గ్రామ సర్వే పుస్తకాలు జనగణన శాఖ వెబ్‌సైటులో ఉన్నాయి. ఇంటి కప్పులు, పంటలు, అప్పులు, పండుగలు అన్నీ రాశారు. తమ మండలంలో అలాంటి ఊరుంటే ఇప్పటి సంగతులతో పోల్చి చూడడం పిల్లలకు చక్కటి ప్రాజెక్టు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి పెట్టిన పాత పత్రికల నిధి. కృష్ణా పత్రిక, ఆంధ్రపత్రిక వంటివి అందులో ఉన్నాయి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో ఏఐసీసీ సమావేశం జరిగింది. పింగళి వెంకయ్య గాంధీజీకి పతాకం చూపించిన సందర్భం అదే. ఆ జ్ఞాపకంతో ముడిపడిన విక్టోరియా జూబిలీ మ్యూజియం 2020లో బాపు మ్యూజియంగా మళ్లీ తెరుచుకుంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, వెనక్కి వచ్చాక ఆ వారం పత్రికల్లో సమావేశం గురించి ఏమి రాశారో వెతకమనండి. ఈనాడు మనకు ముఖ్యమనిపించే సంఘటనకు ఆనాటి పత్రిక ఎంత చోటిచ్చిందో వాళ్లే కొలుస్తారు. పక్కనే ఉన్న ప్రకటనలు, మందుల సీసాల బొమ్మలు, బియ్యం ధరలు కూడా చదువుతారు, చదవనివ్వండి.

వీటన్నిటి కన్నా దగ్గరగా ఉండి ఎవరూ తెరవనిది బడి బీరువాలోని పాత అడ్మిషన్ రిజిస్టర్. మొదటి ఆడపిల్ల ఏ ఏడాది చేరింది, తండ్రుల వృత్తులు ఎలా మారాయి, కరువు ఏడాది ఎంతమంది బడి మానేశారు, అన్నీ అందులో తేలతాయి. కులం, పుట్టిన తేదీ వంటి వివరాలున్నాయి కాబట్టి పేర్లు కనిపించకుండా లెక్కలు మాత్రమే పిల్లలకు ఇవ్వాలి. రిజిస్టర్ చెప్పనిది పెద్దవాళ్ల నోట వినాలి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలోని ఆడవాళ్ల మాటలను అలాగే కూర్చింది. ఏ పాఠ్యపుస్తకమూ అంతకు ముందు వాళ్లను అడగలేదు.

సిలబస్ పూర్తికావాలి, పరీక్షలు తరుముతుంటాయి, బస్సు ఖర్చు ఎవరిస్తారు అని ఉపాధ్యాయులు అనేది నిజం. వాళ్లను తప్పుపట్టను. అందుకే ఈ భారం వాళ్ల ఒక్కరి మీద వేయకూడదు. కొత్త భవనాలకూ, త్రీడీ షోలకూ ఖర్చు పెట్టే ముందు రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు, పురావస్తు శాఖలు కలిసి ఒక పని చేయాలి. మండలానికి ఒక శాసనమో, కైఫియత్తో, పాత పత్రిక పుటో ఎంచుకుని, ఇప్పటి తెలుగు లిపిలో మూలం, వాడుక తెలుగులో అర్థం, ఫొటో, నాలుగు ప్రశ్నలు రెండు పుటల్లో అచ్చువేసి హైస్కూలుకు పంపాలి. శాసన సంపుటాలు ఉన్నాయి, చదవగలిగిన ఎపిగ్రఫీ వాళ్లు ఉన్నారు, తెలుగు పండితులు ప్రతి బళ్లోనూ ఉన్నారు. ఇది కోట్ల పని కాదు.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కరలేదు. ఉపాధ్యాయ మిత్రులారా, మీ జిల్లా శాసన సంపుటం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. మీ మండలంలో ఒక్క రాయి ఉన్నా దాని పాఠం తెలుగులో రాసుకుని, ఈ విద్యాసంవత్సరంలోనే పిల్లల్ని దాని ముందు నిలబెట్టండి. రాసుకున్నది పక్క బడికి కూడా పంపండి.